ఇంజను బాగుంది, పెట్రోలు ఉంది, మబ్బు కూడా లేదు. మరి సముద్రంలో ఎట్ట పడ్డాడు?

పెన్నా_గట్టు
అమెరికా మాజీ ప్రెసిడెంటు కెన్నెడీ కొడుకు విమానం రిపోర్టు చదువుతుండా. 1999 జులై 16 రాత్రి. పైపర్ సారటోగా, ఒకటే ఇంజను, ఆయనే పైలట్. న్యూజెర్సీలో కాల్డ్‌వెల్ దగ్గర 8:38కి లేచాడు. మార్థాస్ వినియార్డ్ దీవికి పోవాల. 9:41కి సముద్రంలో పడ్డాడు. ఆయన, భార్య, ఆమె అక్క ముగ్గురూ పోయారు.

ఇంజన్లో లోపం దొరకలా. వాన లేదు, ఉరుము లేదు, మబ్బుల్లోకి దూరలా. చివరికి రాసిందేందంటే స్పేషియల్ డిసోరియంటేషన్, దానికి మసక, చీకటి రాత్రి తోడయ్యాయని. సరే, దిక్కు తప్పింది అనుకుందాం. దిక్కు తప్పితే విమానం నేరుగా ఎటో ఒక పక్కకి పోతా ఉండాల గదా, పెట్రోలు అయిపోయేదాకా? ముక్కు కిందికేసి నీళ్ళలోకి ఎట్ట పోద్ది? ఈ ముక్క మింగుడు పడటం లా. తెలిసినోళ్ళు చెప్పండి. ఆ ఇంటికి శాపం ఉందనే వాట్సాప్ కతలు మాత్రం వద్దు.

కావలి_కుర్రోడు
శాపం గురించే టైపు చేస్తుండా. చెరిపేశా.

దొనకొండ_రన్‌వే
తిరకాసంతా "దిక్కు తప్పడం" అనే మాటలోనే ఉంది. తూర్పేదో పడమరేదో తెలియకపోవడం కాదిది. పైనేది కిందేది అన్నది తప్పడం. మొదటిది జరిగితే నీ లెక్క ప్రకారమే నేరుగా ఎటో పోతాడు. రెండోది జరిగితే పోడు.

మనం నిటారుగా ఉన్నామని మనకు చెప్పేవి మూడు. కళ్ళు, లోపలి చెవి, ఒంటి మీద పడే బరువు. వీటిలో కళ్ళదే పెత్తనం. నింగీ నేలా కలిసే గీత కనపడినంతసేపు మిగతా రెండూ ఏం చెప్పినా మెదడు పట్టించుకోదు. ఆ గీత పోయిందా, పెత్తనం చెవి చేతికి పోతుంది. ఆ చెవి నేల మీద నడవడానికి తయారైంది, ఎగరడానికి కాదు.

లోపలి చెవిలో మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం. తల తిరిగితే గొట్టం తిరుగుతుంది, ద్రవం వెనకబడుతుంది. ఆ తేడానే మనకు "తిరుగుతున్నాం" అని తెలుస్తుంది. ఇందులో రెండు లోపాలు. విమానం బాగా నెమ్మదిగా, సెకనుకు 2 డిగ్రీల లోపు ఒరిగితే ఆ తేడా చెవికి అందదు. రెండోది, ఒకే వేగంతో 10, 20 సెకన్లు తిరిగితే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలెడుతుంది. తేడా పోయింది గనక తిరగడం ఆగిందని చెవి చెప్పేస్తుంది. విమానం మాత్రం తిరుగుతానే ఉంటుంది.

గూడూరు_నిమ్మ
రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడ వేస్తారే రంగులరాట్నం, అది ఆగి మనం దిగినాక కూడా నేల తిరిగేది ఇందుకేనా?

దొనకొండ_రన్‌వే
అచ్చంగా అదే. రాట్నం ఆగింది, గొట్టం ఆగింది, ద్రవం ఆగలేదు. అందుకని ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు ఉంటుంది. పైలట్‌కి ఇదే జరిగితే ఎడమ మలుపులోంచి రెక్కలు సరిచేయగానే కుడికి ఒరిగినట్టు అనిపిస్తుంది. "సరిచేద్దాం" అని మళ్ళీ ఎడమకే ఒంచుతాడు. దీన్ని లీన్స్ అంటారు. అన్ని భ్రమల్లోకీ ఎక్కువగా వచ్చేది ఇదే.

సూళ్ళూరుపేట_కొంగ
నమ్మకం కుదరనోళ్ళకి ఇంట్లోనే పరీక్ష. చక్రాల కుర్చీ కాదు, ఆఫీసుల్లో గుండ్రంగా తిరిగే కుర్చీ కావాల. మనిషి కళ్ళకు గంతలు కట్టు, కాళ్ళు నేలకు తగలనీవద్దు, చేతులు ముందుకు చాపి రెండు బొటనవేళ్ళూ పైకి పెట్టమను. ఎటు తిరుగుతున్నానని అనిపిస్తే వేళ్ళు అటు వంచాల. ఇంకోరు కుర్చీని ఒకే వేగంతో, కుదుపు లేకుండా తిప్పాల. 5, 6 సెకన్లకి ఒక చుట్టు చాలు. మొదట సరిగ్గానే చూపిస్తాడు. అర నిమిషానికి వేళ్ళు నెమ్మదిగా నిటారుగా వచ్చేస్తాయి, "ఆగింది" అంటాడు. అప్పుడు కుర్చీ నిజంగానే ఆపు. వెంటనే వేళ్ళు ఎదురు పక్కకి వాలతాయి.

గదిలో ఫ్యాను, రేడియో ఆపేయాల. చప్పుడు ఎటునుంచి వస్తుందో వింటే మెదడు దొంగలెక్క కట్టేస్తది. తలకాయ వంచమని మాత్రం చెప్పొద్దు. తిరిగేటప్పుడు తల ముందుకు వంచితే ఒకేసారి ఇంకో గొట్టం కదిలి మొత్తం పల్టీ కొట్టినట్టు అయిద్ది, కొందరు కుర్చీలోంచి పడిపోతారు. విమానంలో కింద పడిన పెన్ను కోసమో మ్యాపు కోసమో మలుపులో వంగితే జరిగేది అదే.

కావలి_కుర్రోడు
ఇడ్లీ తిన్న గంటలోపు చెయ్యొద్దని కూడా రాయి అన్నా.

పెన్నా_గట్టు
సరే. ఒరిగింది తెలీలా. ఒరిగితే మలుపు తిరగాల గదా. నా ప్రశ్న అట్నే ఉండిపోయింది. కిందికి ఎందుకు?

ఒంగోలు_గిత్త
ఇక్కడ చెవి పని అయిపోయింది, మిగిలింది లెక్క.

రెక్క పుట్టించే లిఫ్టు, అంటే విమానాన్ని పైకి మోసే బలం, ఎప్పుడూ రెక్కకి నిలువుగా ఉంటుంది. విమానం ఒరిగితే లిఫ్టు కూడా పక్కకి ఒరుగుతుంది. 60 డిగ్రీలు ఒరిగితే బరువును మోసేది అందులో సగమే. బరువు మాత్రం తగ్గదు గదా. అందుకని ముక్కు దానంతట అదే వాలుతుంది, వేగం పెరుగుతుంది. ఇప్పుడు పైలట్‌కి ఏం కనపడుతుందో చూడు. ఎత్తు తగ్గుతోంది, వేగం పెరుగుతోంది, గాలి హోరు పెరుగుతోంది. ఒంటికి మాత్రం రెక్కలు సమానంగా ఉన్నట్టే ఉంది. ఈ రెండూ కలిపితే మెదడు తీర్పు ఒకటే. "నేరుగా కిందికి పోతున్నా." వెంటనే యోక్, అంటే విమానం స్టీరింగు, వెనక్కి లాగుతాడు.

ఆ లాగడమే చంపుతుంది. ఒరిగిన విమానంలో లాగితే ముక్కు పైకి లేవదు, మలుపు ఇంకా బిగుసుకుంటుంది. బిగుసుకుంటే ఒరుగు పెరుగుతుంది, ముక్కు ఇంకా వాలుతుంది. ఇంకా గట్టిగా లాగుతాడు. చివరికి నీళ్ళయినా తగులుతాయి, రెక్కయినా విరుగుతుంది. దీని పేరు గ్రేవ్‌యార్డ్ స్పైరల్, స్మశానపు సుడి అనుకో.

గూడూరు_నిమ్మ
అంత ఒరిగితే మనిషి పక్కకి జారడా? సీట్లో తెలవదా?

ఒంగోలు_గిత్త
జారడు, అదే మాయ. సరిగ్గా తిరిగే మలుపులో బరువు ఎప్పుడూ సీటు వైపే నొక్కుతుంది. డాష్‌బోర్డు మీద టీ కప్పు పెడితే తొణకదు. 30 డిగ్రీల ఒరుగులో ఒంటి బరువు 1.15 రెట్లు, అది ఎవరికీ తెలియదు. 45లో 1.4 రెట్లు. 60కి వచ్చేసరికి రెండింతలు, అప్పుడు తెలుస్తుంది. తెలిసినా "నేను లాగుతున్నా గనక బరువుగా ఉంది" అనుకుంటాడు. తప్పు కూడా కాదు.

చీమకుర్తి_రాయి
@పెన్నా_గట్టు ఆ రిపోర్టులోనే రాడార్ గీత చూడు, గిత్త చెప్పినదంతా అందులో ఉంది. 5,500 అడుగుల మీద తీరం వెంబడి మామూలుగా పోయాడు. దీవి ఇంకా 34 మైళ్ళుందనగా దిగడం మొదలెట్టాడు, నిమిషానికి 400 నుంచి 800 అడుగుల చొప్పున. అదీ మామూలే. తీరం వదిలి నీళ్ళ మీదికి పోయాక కుడికి ఒక మలుపు, 2,200 దాకా దిగి మళ్ళీ 2,500కి ఎక్కడం, తర్వాత ఎడమకి తిరుగుతా 2,600కి, మళ్ళీ దిగుతా కుడికి. ఆ ఆఖరి కుడి మలుపులో ఒరుగు 45 డిగ్రీలు దాటింది, దిగే వేగం నిమిషానికి 4,700 అడుగులు దాటింది. చివరి రాడార్ చుక్క 1,100 అడుగుల దగ్గర. ఆ వేగానికి 1,100 అడుగులంటే 14 సెకన్లు.

"మబ్బు లేదు" అన్నావే, ఆ రాత్రి అదే దారిలో ఎగిరిన వేరే పైలట్ల మాటలు కూడా ఉన్నాయి. నీళ్ళ మీద హొరైజన్, అంటే నింగీ నీళ్ళూ కలిసే గీత, లేదన్నారు. ఒకాయనకైతే ఆ దీవి దీపాలే కనపడక, అక్కడ కరెంటు పోయిందేమో అనుకున్నాడు. రూలు ప్రకారం అది చూపుతో ఎగరదగిన వాతావరణమే. కంటికి మాత్రం సిరాబుడ్డి లోపల ఉన్నట్టు.

మైపాడు_అల
మన సముద్రమైనా అంతే. వెన్నెల లేని రాత్రి మసక పట్టిందంటే నీళ్ళు, ఆకాశం ఒకటే నలుపు. వేటకి పోయిన బోట్ల దీపాలు చుక్కల్లా ఉంటాయి, చుక్కలు బోట్లలా ఉంటాయి. బోట్లన్నీ వరసగా ఏటవాలుగా నిలబడి ఉంటే ఆ గీతనే హొరైజన్ అనుకుని రెక్కలు దానికి సమానం చేసేస్తారు. తీరం వెంబడి హైవే దీపాల వరసతో కూడా అదే తంటా. దీన్ని ఫాల్స్ హొరైజన్ అంటారు.

కనిగిరి_కంది
ఇంత సైన్సు ఎందుకు? మొత్తం 310 గంటల అనుభవం. బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగరడానికి ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, ఆ కోర్సు సగంలో ఉంది. రాత్రిపూట నీళ్ళ మీదికి పోయాడు. చేతగానోడు పోయాడు అంతే. అనుభవం ఉన్నోళ్ళకి ఇవి జరగవు.

చీమకుర్తి_రాయి
సగం ఒప్పుకుంటా. ఆ విమానం నడిపింది 36 గంటలే, అందులో పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా 3 గంటలు. మిగతా సగం ఒప్పుకోను. 1978 జనవరి 1, బొంబాయి. ఎయిరిండియా 747, ఎంపరర్ అశోక. రాత్రి సముద్రం మీదికి లేచింది. కుడి మలుపు ముగించి రెక్కలు సమానం చేశాక కూడా కెప్టెన్ ముందున్న హొరైజన్ పరికరం కుడికి ఒరిగినట్టే చూపిస్తా ఉండిపోయింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకి ఒంచుతా పోయాడు, 108 డిగ్రీల దాకా. అంటే రెక్కలు నిలువుగా నిలబడటం కూడా దాటేదాకా. 213 మంది. ఆ కెప్టెన్‌కి వేల గంటలున్నాయి.

కనిగిరి_కంది
అది పరికరం చెడిపోయిన కేసు. వేరు.

చీమకుర్తి_రాయి
పక్కన కో-పైలట్ ముందున్న పరికరం బాగానే ఉంది. బయట హొరైజన్ కనపడుంటే 747 ఎడమకి పడిపోతుంటే చూడకుండా ఉంటాడా? మధ్యాహ్నమైతే ఆ ప్రమాదమే లేదు.

ఉదయగిరి_కోట
ఇంకోటి కూడా ఉంది కందీ. 2021 డిసెంబర్ 8, కూనూరు. జనరల్ రావత్ ఎక్కిన ఎంఐ-17 హెలికాప్టర్. వైమానిక దళం విచారణలో యంత్రలోపం, కుట్ర, నిర్లక్ష్యం మూడూ కావని తేల్చారు. లోయలో ఉన్నట్టుండి వాతావరణం మారి మబ్బులోకి దూరారు, పైలట్‌కి స్పేషియల్ డిసోరియంటేషన్, కొండకు తగిలారు. అంత పెద్దమనిషిని ఎక్కించుకునేది అనుభవం లేనోళ్ళ చేతికి ఇస్తారా?

ఒంగోలు_గిత్త
ఒక చిన్న తేడా మాత్రం పట్టుకోవాలి. కూనూరుది అదుపులో ఉండగానే నేలకు తగలడం కింద రాశారు. కెన్నెడీది అదుపు తప్పడం. రెంటికీ మూలం కంటిచూపు పోవడమే. మొదటి దాంట్లో విమానం పైలట్ చెప్పినట్టే వింటుంది, ఎదురుగా ఏముందో ఆయనకు తెలియదు. రెండో దాంట్లో విమానమే ఎటుందో తెలియదు.

కావలి_కుర్రోడు
మన నల్లమలలో వైఎస్‌ది కూడా ఇదే గదా?

ఉదయగిరి_కోట
కాదు. అందరూ ఇదే గంపలో వేస్తారు. 2009 సెప్టెంబర్ 2, బెల్ 430, బేగంపేట నుంచి చిత్తూరు పోతూ. వాతావరణం బాగాలేదు నిజమే. విచారణలో తేలిందేమంటే గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ గురించి ఒక హెచ్చరిక వచ్చి, పైలట్లిద్దరూ నిమిషాల తరబడి దాని మీదే పడి మాన్యువల్ వెతుకుతా ఉండిపోయారు. అంతలో బలంగా కిందికి తోసే గాలిలోకి పోయారు. ఇందులో మనం నేర్చుకోవాల్సింది వేరు. ఇద్దరున్నప్పుడు ఒకరు మాన్యువల్ చూస్తే ఇంకొకరు వాతావరణం, ఎత్తు మాత్రమే చూడాలి.

మైపాడు_అల
2002 మార్చి 3న బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో పడింది గుర్తుందా. పొద్దున్నే భీమవరంలో లేచింది, బెల్ 206. సరిగా కనపడక దించబోయి, చెరువును గట్టినేల అనుకున్నారని అప్పట్లో రాశారు. మన పక్క విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట మీదుగా ఎగిరితే ఇది మర్చిపోకూడదు. గాలి లేని పొద్దున రొయ్యల చెరువు అద్దం. పైన తెల్లగా మంచు, కింద అదే తెలుపు. ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి అందదు. ఏరేటర్లు తిరుగుతుంటే నయం, నురగ కనపడి నీళ్ళని తెలుస్తుంది.

గూడూరు_నిమ్మ
రొయ్యలకే కాదు, హెలికాప్టర్లకి కూడా ఏరేటర్ కావాలన్నమాట.

పెన్నా_గట్టు
మన దగ్గర రాత్రిపూట చిన్న విమానాలు తిరగవు గదా. మరి ఇక్కడ ఎప్పుడు భయపడాల?

సూళ్ళూరుపేట_కొంగ
అవును, మన దేశంలో చూపు మీద ఎగరడం, అంటే వీఎఫ్ఆర్, సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల దాకే. లోకల్, ట్రైనింగ్ ఫ్లైట్లకి ఏటీసీ (ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్) మినహాయింపు ఇస్తుంది. 10,000 అడుగుల కింద విజిబిలిటీ 5 కిలోమీటర్లుండాల. మబ్బుకి పక్కగా 1,500 మీటర్లు, పైకీ కిందికీ 1,000 అడుగులు దూరం. ఎయిర్‌పోర్టు చుట్టూ ఉండే కంట్రోల్ జోన్లో సీలింగ్ (మబ్బు అడుగు ఎత్తు) 1,500 అడుగుల లోపున్నా, విజిబిలిటీ 5 కిలోమీటర్ల లోపున్నా స్పెషల్ వీఎఫ్ఆర్ అనే అనుమతి లేకుండా లేవడానికి లేదు.

మనకి రెండు కాలాలు. ఒకటి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున మంచు. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి 5 నాట్ల లోపుండి, టెంపరేచర్‌కీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీళ్ళయ్యే టెంపరేచర్) తేడా 3 డిగ్రీల లోపుకొస్తే తెల్లారేసరికి మంచు ఖాయమనుకో. పెన్నా, కండలేరు, పులికాట్ పక్కన తేమ ఎట్టాగూ ఉంటది. గడ్డి తగలబెట్టిన పొగ కలిస్తే 8 గంటలకి కూడా విడవదు. అసలు ప్రమాదం ఏందంటే, పైనించి నిలువుగా చూస్తే మంచులోంచి ఊరు, రోడ్డు బాగానే కనపడతాయి. మంచు మందం 100 అడుగులే గదా. దిగడానికి ఏటవాలుగా వచ్చేసరికి అదే మంచులో కిలోమీటర్ల కొద్దీ చూడాల. ఏమీ కనపడదు.

రెండోది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం. మబ్బు కిందికి దిగి వెలుగొండల మీద కూచుంటది. మబ్బు ఎంత ఎత్తులో ఉంటదో తేలిక లెక్క: టెంపరేచర్, డ్యూ పాయింట్ తేడాని 400తో హెచ్చించు. 28, 25 అయితే 1,200 అడుగులు. పెంచలకోన కొండ దాటడానికి అది చాలదు.

కావలి_కుర్రోడు
నెల్లూరు మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టు) ఏ సైట్లో వస్తుంది?

సూళ్ళూరుపేట_కొంగ
ఎయిర్‌పోర్టు ఉంటే గదా మెటార్. దగదర్తిది వచ్చినాక చూద్దాం. ఇప్పటికి రేణిగుంట, చెన్నై, విజయవాడ చూసి మధ్యలో ఊహించుకోవడమే. రెండు చివర్లా బీఆర్ అని ఉంటే మధ్యలో ఎఫ్‌జీ అనుకో. బీఆర్ అంటే విజిబిలిటీ 1,000 నుంచి 5,000 మీటర్లు, ఎఫ్‌జీ అంటే 1,000 లోపు.

గూడూరు_నిమ్మ
మరి హైవే మీద విమానాలు దించుతారే, అక్కడ దించెయ్యొచ్చుగా.

దొనకొండ_రన్‌వే
కొరిశపాడు దగ్గరిది వైమానిక దళం కోసం. 4.1 కిలోమీటర్లు, 2022 డిసెంబర్ 29న మొదటి ట్రయల్. ట్రయల్‌కి ముందు ట్రాఫిక్ ఆపి, కుక్కల్ని తోలి, రోడ్డు ఊడ్చి చేశారు. మంచులో నువ్వు చెప్పాపెట్టకుండా దిగితే ఎదురుగా లారీ వస్తది. ఇంజను ఆగిపోతే సంగతి వేరు. కనపడకపోవడానికి అది మందు కాదు, కనపడని రోడ్డుని వెతకడానికి ఇంకా కిందికి దిగుతావు, అంతే.

పెన్నా_గట్టు
సరే, పొరపాటున దూరాడు. కిటికీ నిండా తెలుపు. ఏం చెయ్యాల? వరసగా చెప్పండి.

ఒంగోలు_గిత్త
సెస్నా 172 పాత మోడల్ హ్యాండ్‌బుక్‌లో ఉన్న పద్ధతి ఇదీ, కార్బురేటర్ ఇంజను, ఆటోపైలట్ లేదు అనుకుని.

ముందు బయటికి చూడటం మానెయ్యి. ఇంకోసారి బయట చూస్తే ఏదో కనపడుతుందన్న ఆశే ముంచుతుంది. కంపాస్ ఎంత చూపిస్తోందో, గడియారంలో సెకన్ల ముల్లు ఎక్కడుందో చూడు. ముల్లు అర నిమిషం దగ్గరికి వచ్చినప్పుడు ఎడమకి మొదలెట్టు. టర్న్ కోఆర్డినేటర్, అంటే మలుపు చూపించే పరికరంలో, బొమ్మ విమానం ఎడమ రెక్కని కింది ఎడమ గుర్తుకి ఆనించి 60 సెకన్లు అట్టాగే ఉంచు. సెకనుకి 3 డిగ్రీల మలుపది, నిమిషంలో 180 పూర్తి. వచ్చిన దారికి తిరిగావు. ఆ వెనక వాతావరణం బాగుందని నీకు ముందే తెలుసు గదా, ఒక్క నిమిషం క్రితమే అక్కడ ఉన్నావు. రెక్కలు సమానం చేసి, కంపాస్ మొదటి అంకెకి సరిగ్గా ఎదురు అంకె చూపిస్తోందో లేదో సరిచూసుకో.

ఎక్కడం, దిగడం, పవర్ మార్చడం ఆ నిమిషంలో వద్దు. ఒక పని మాత్రమే.

దొనకొండ_రన్‌వే
బిగించి పట్టుకోవద్దని కూడా రాయాల్సింది. అదే హ్యాండ్‌బుక్‌లో మబ్బులోంచి దిగేటప్పుడు యోక్ వదిలెయ్, కాళ్ళతో తిప్పే తోక రడ్డర్‌తోనే రెక్కలు సమానంగా ఉంచు అంటుంది. ట్రిమ్ చేసిన, అంటే చెయ్యి వదిలినా ఒకే వేగంలో నిలిచేలా సర్దిన, విమానం దానంతట అది బాగానే ఎగురుతుంది. చెడగొట్టేది చెయ్యి.

చీమకుర్తి_రాయి
ఆ సలహా దిగేటప్పటికి మాత్రమే. మలుపులో యోక్ వదిలేస్తే పని కాదు. రెండు వేళ్ళతో పట్టుకో, పిడికిలి వద్దు. అదీ మాట.

దొనకొండ_రన్‌వే
సరే, రెండు వేళ్ళు.

ఒంగోలు_గిత్త
అప్పటికే సుడిలో ఉంటే వరస మారకూడదు. గుర్తు ఏంటంటే వేగం పెరుగుతోంది, ఎత్తు పడిపోతోంది, టర్న్ కోఆర్డినేటర్ ఒక పక్కకి వాలి ఉంది. ముందు థ్రాటిల్ మూసెయ్యి, అంటే ఇంజను పవర్ తగ్గించు. తర్వాత ఐలరాన్ (రెక్కల చివర కదిలే పలకలు), రడ్డర్ కలిపి రెక్కలు సమానం చెయ్యి. ఆ తర్వాతే, నెమ్మదిగా, యోక్ వెనక్కి. 80 నాట్ల దగ్గరికి తెచ్చి ట్రిమ్ చేసి చెయ్యి వదులు. ఐసు పట్టకుండా కార్బురేటర్ హీట్ వెయ్యి. రెక్కలు సరికాకముందే లాగితే ఏమవుతుందో పైన చెప్పా.

వేగం ఎర్రగీత (దాటకూడని వేగం) దగ్గరికి వచ్చాక రెక్కలు సమానమవగానే విమానం తనంతట తానే ముక్కు పైకి లేపుతుంది, ఎందుకంటే ట్రిమ్ తక్కువ వేగానికి ఉంది. అప్పుడు ఇంకా లాగకూడదు. పట్టుకుని ఆపాలి. మబ్బు బయట రెక్క దొరికింది, తోక ఇంకోచోట దొరికింది అనే ప్రమాదాలు ఈ ఘడియలోవే.

కావలి_కుర్రోడు
హైవే మీద మంచొస్తే హజార్డ్ లైట్లేసి పక్కన ఆపుకుంటాం. వీళ్ళకి ఆ పక్కే లేదు పాపం.

కనిగిరి_కంది
ఆటోపైలట్ వేసుకుంటే ఈ గొడవంతా ఎందుకు? ఆ సారటోగాలో కూడా ఉంది గదా.

చీమకుర్తి_రాయి
ఉంది, కేఎఫ్‌సీ 150. రెక్కల్నీ ఎత్తునీ రెంటినీ చూసుకునేదే. 2,500 దగ్గర రెక్కలు సమానంగా ఉన్నప్పుడు ఒక్క బటన్ నొక్కుంటే బహుశా ఈ థ్రెడ్ ఉండేది కాదు. కానీ బటన్ నొక్కాలంటే "నాకు అర్థం కావడం లేదు" అని ఒప్పుకోవాలి. భ్రమలో ఉన్నవాడికి భ్రమ అనిపించదు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. 2020లో కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఎక్కిన ఎస్-76 హెలికాప్టర్, ఏటీసీకి 4,000 అడుగులకు ఎక్కుతున్నామని చెబుతా ఎడమకి తిరిగి కిందికి పోయింది. పైలట్ అబద్ధం చెప్పలేదు, ఆయనకి ఎక్కుతున్నట్టే ఉంది. 9 మంది.

ఇప్పటి గార్మిన్ ఆటోపైలట్లలో లెవెల్ అని ఒక బటన్ ఉంటుంది. ఎలా ఒరిగి ఉన్నా రెక్కలు సమానం చేసి ఎక్కడం, దిగడం ఆపేస్తుంది. మంచిదే. మబ్బులోకి పోయాక వెతుక్కునే బటన్ మాత్రం కాకూడదు.

ఉదయగిరి_కోట
పాత విమానాల్లో వాక్యూం పంపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆటిట్యూడ్ ఇండికేటర్ (హొరైజన్ పరికరం), డైరెక్షనల్ గైరో (దిక్కు చూపేది) రెండూ ఇంజను తిప్పే పంపు పీల్చే గాలితో తిరుగుతాయి. గేజీలో 4.5 నుంచి 5.5 అంగుళాల మధ్య ఉండాలి. పంపు లోపల కార్బన్ రేకులుంటాయి, విరిగితే హెచ్చరిక లేకుండా విరుగుతాయి. అయితే గైరో వెంటనే పడిపోదు. నిమిషాల పాటు నెమ్మదిస్తా, హొరైజన్ని కొద్దికొద్దిగా పక్కకి వాలుస్తుంది. పైలట్ దాన్ని పట్టుకుని విమానాన్ని వాలుస్తాడు. ఎంపరర్ అశోకలో జరిగిందే, నెమ్మదిగా.

అందుకే టర్న్ కోఆర్డినేటర్‌ని కరెంటు మీద పెడతారు. రెండూ వేర్వేరు మాట చెబుతుంటే మూడో సాక్షి ఎత్తు, వేగం. హొరైజన్ "సమానం" అంటోంది, టర్న్ "ఎడమ" అంటోంది, వేగం పెరుగుతోంది. ఇద్దరొక పక్క, ఒకడొక పక్క. ఆ ఒక్కడి ముఖం మీద కాగితం అంటించి కప్పెయ్యాలి. కనపడితే కన్ను దాని మీదికే పోతుంది.

మైపాడు_అల
1959లో అమెరికా పాటగాడు బడ్డీ హోలీ పోయిన బొనాంజా అనే చిన్న విమానంలో హొరైజన్ పరికరం చెడిపోలేదు. అది స్పెర్రీ ఎఫ్3, ముక్కు పైకీ కిందికీ చూపించే తీరు మామూలు వాటికి తిరగేసి ఉంటుంది. అలవాటు లేని వాడు మంచు కురిసే రాత్రి దాన్ని చూస్తే దిగడాన్ని ఎక్కడం అనుకుంటాడు. అద్దె విమానం ఎక్కేవాళ్ళు కూర్చోగానే చూడాల్సింది సీటు కవరు కాదు, ఇది.

పెన్నా_గట్టు
ఇంకొక్కటి. మబ్బులో దూరాక ఎంతసేపు ఉంటది టైము?

సూళ్ళూరుపేట_కొంగ
1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో పరీక్ష చేశారు. ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ లేని 20 మందిని బొనాంజాలో కూచోబెట్టి, మబ్బులోకి పోయినట్టు చూపు కట్టేశారు. 20 మందీ అదుపు తప్పించారు. 19 మంది సుడిలోకే, ఒకడు ముక్కు మరీ లేపి స్టాల్‌లోకి, అంటే రెక్క మోయడం మానేసే స్థితిలోకి. అందరికంటే త్వరగా పోయినోడు 20 సెకన్లు, అందరికంటే ఎక్కువ నిలిచినోడు 480. సగటు 178 సెకన్లు.

కావలి_కుర్రోడు
మూడు నిమిషాలు కూడా లేదు. మ్యాగీ ఉడకదు.

చీమకుర్తి_రాయి
ఆ పరీక్షలో అసలు భాగం జనం వదిలేస్తారు. అది భయపెట్టడానికి చేసింది కాదు. అదే మనుషులకి పైన గిత్త రాసిన 180 డిగ్రీల పద్ధతి కొద్ది గంటలు నేర్పి మళ్ళీ పంపితే బయటపడటం నేర్చుకున్నారు. అమెరికాలో ప్రైవేట్ లైసెన్సుకి 3 గంటల ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ పెట్టింది అందుకే. ఆ 3 గంటలు మబ్బులో తిరగడానికి కాదు, వెనక్కి తిరగడానికి.

కనిగిరి_కంది
అనుభవం ఉంటే జరగదన్న మాట వెనక్కి తీసుకుంటా. రేటింగ్ లేకుండా రాత్రి నీళ్ళ మీదికి పోవడం తప్పన్న మాట తీసుకోను.

చీమకుర్తి_రాయి
అది ఎవరూ కాదనలేదు కందీ.

పెన్నా_గట్టు
ఒరిగింది తెలీలా, ముక్కు వాలింది, లాగాడు, లాగేకొద్దీ బిగుసుకుంది. ఇప్పుడు మింగుడు పడింది. గిత్తా, ఆ 60 సెకన్ల మలుపుకి ఎంత జాగా కావాల? ఉదయగిరి పక్క కొండల మధ్య అయితే?

ఒంగోలు_గిత్త
90 నాట్ల మీద అడ్డంగా 1.8 కిలోమీటర్లు. ఒరుగు దాదాపు 14 డిగ్రీలు. వేగాన్ని పదితో భాగించి, వచ్చినదాంట్లో సగం దానికే కలుపు, అదే లెక్క. గాలి కొండ వైపు తోస్తుంటే ఇంకొంచెం. లోయలో పోయేటప్పుడు మధ్యలో కాకుండా ఒక పక్క కొండని ఆనుకుని పోవాలి, మలుపు తిరగడానికి లోయ మొత్తం వెడల్పు దొరుకుతుంది. మధ్యలో పోతే సగమే దొరికేది.

ఉదయగిరి_కోట
గాలి వచ్చి తగిలే కొండ పక్కకి ఆనుకోవాలి. అటు కొండ గాలిని పైకి తోస్తుంది. రెండో పక్క కిందికి తోస్తుంది.

ఒంగోలు_గిత్త
అవును, అది వదిలేశా.